ఒకరెక్కువ మేడమ్

ఆవిడకు మనుషుల్ని లెక్కపెట్టడం రాదు. గదిలో నలుగురుంటే ఐదుగురంటారు, తొమ్మిదిమంది ఉంటే పదిమందంటారు. పోనీ ఒకసారి ఎక్కువ, ఒకసారి తక్కువ చెప్పినా సరిపెట్టుకోవచ్చు. అదీ లేదు. ఎప్పుడూ ఒక్కరే ఎక్కువ. ఇరవై రెండేళ్లుగా కాలేజీలో స్టాటిస్టిక్స్ చెబుతున్న మనిషికి వేళ్ల మీద లెక్క తప్పడమేమిటని కొత్తలో అందరూ నవ్వుకుంటారు. కొన్నాళ్లు ఆవిడతో పనిచేశాక నవ్వడం మానేసి, వెనక్కి తిరిగి చూసుకోవడం మొదలుపెడతారు. కాలేజీ అంతా ఆవిడను ఒకరెక్కువ మేడమ్ అంటుంది.

ఈ సంగతి గొణుగుడుకు మొదటిరోజే తెలిసింది. గొణుగుడు డిగ్రీ రెండో సంవత్సరం, సాహిత్యం చదువుతోంది. ఆ పిల్ల గొంతు ఎంత చిన్నదంటే, హాజరు పిలిచినప్పుడు పక్కమ్మాయి లేచి "ఉందండీ" అని సాక్ష్యం చెప్పాలి. ఫోన్‌లో వాళ్లమ్మ కూడా "కాస్త గట్టిగా గొణుగవే తల్లీ" అని బతిమాలుతుంది. అలాంటి పిల్ల నోటీసు బోర్డు మీద ఒక కాగితం చూసింది. "వాతావరణ మార్పు గురించి బడుల్లో ఏం చెబుతున్నారు, పిల్లలకు ఏం వినబడుతోంది అనే పరిశోధనలో చేరడానికి అన్ని విభాగాల డిగ్రీ విద్యార్థులు కావాలి. మాట్లాడటం రాకపోయినా ఫరవాలేదు, వినడం రావాలి." తన కోసమే రాసినట్టుందనుకుని చేరిపోయింది.

ఆమెతోపాటు ఇంకో ఇద్దరు చేరారు. ఒకడు లౌడ్‌స్పీకర్. భూగోళం చదివే కుర్రాడు, రహస్యం చెప్పినా రెండు గదులకు వినబడుతుంది. ఇంకొకడు పట్టిక. స్టాటిస్టిక్స్ విద్యార్థి, దేన్ని చూసినా అడ్డగీతలూ నిలువుగీతలూ గీసి గళ్లలో వేసేదాకా నిద్రపట్టదు. మేడమ్ ముగ్గుర్నీ లిఫ్టు దగ్గర నిలబెట్టి వేలితో లెక్కపెట్టారు.

"ఒకటి, రెండు, మూడు, నేను నాలుగు..." అని ఒక్క క్షణం ఆగి, "ఐదు. ఊహూఁ, ఈ లిఫ్టు నలుగురికే. మెట్లెక్కుదాం పదండి" అన్నారు.

"మనం నలుగురమే కదండీ మేడమ్" అన్నాడు పట్టిక.

"ఐదుగురం బాబూ. నలుగురం హాయిగా లిఫ్టులో పోతే ఐదోవాళ్లేమనుకుంటారు?"

నాలుగంతస్తులూ ఎక్కారు. మూడో అంతస్తు దాటాక గొణుగుడు ఎందుకో అడుగుల చప్పుడు లెక్కపెట్టింది. లెక్కపెట్టకుండా ఉండాల్సింది. మిగతా అంతస్తంతా గోడకు ఆనుకుని ఎక్కింది.

వాళ్ల గది ఒకప్పుడు వాతావరణ పరికరాలు దాచిన గది. అద్దాల బీరువాల్లో గాలి ఒత్తిడి కొలిచే పాత గడియారాలు వరసగా ఉండేవి. వాటి ముళ్లన్నీ ఎప్పుడో ఆగిపోయి "తుఫాను" అన్న మాట దగ్గరే నిలిచి ఉన్నాయి. ఎదురుగోడ మీద మనిషెత్తు మేఘాల పటం, రంగు వెలిసి వేలాడుతుండేది. కిటికీలన్నీ మూసి ఉన్నా, ఫ్యాను ఆపి ఉన్నా, ఆ పటం మెల్లగా ముందుకొచ్చి మెల్లగా వెనక్కి పోయేది. దాని కింది అంచు దగ్గర ఒక స్టూలు, స్టూలు పక్కన ఒక కుర్చీ. ఐదో కుర్చీ.

అటెండరు ఐదు కప్పుల టీ తెచ్చాడు. నాలుగు కప్పులు నలుగురికీ ఇచ్చి, ఐదోది స్టూలు మీద పెట్టి, కుర్చీకేసి చూసి తలూపి వెళ్లిపోబోయాడు. గొణుగుడు గుమ్మం దగ్గర పట్టుకుంది.

"ఆ కప్పు ఎవరికండీ?"

"ఏమన్నావమ్మా? వినబళ్లా."

"ఎవరికి ఆ కప్పూ అంటోంది!" అని లౌడ్‌స్పీకర్ అనువదించాడు. బీరువా అద్దాలు గణగణమన్నాయి.

"నాకేం తెలుసు బాబూ? ఐదు తెమ్మన్నారు, ఐదు తెచ్చాను. ఒకటి మాత్రం చెబుతా. ఇన్నేళ్లలో ఐదో కప్పు నిండుగా తిరిగొచ్చింది నేను చూళ్లేదు" అని అటెండరు చెప్పుల చప్పుడైనా లేకుండా వెళ్లిపోయాడు.

ఇక పని సంగతి. బడికి వెళ్లాలి, ఒక్కొక్క పిల్లతోనో పిల్లాడితోనో ఇరవై నిమిషాలు మాట్లాడి రికార్డు చెయ్యాలి. ఒకే ఒక్క కట్టుబాటు ఉంది. అడగాలి, వినాలి, జవాబు చెప్పకూడదు. మనం మన అభిప్రాయం చెబితే పిల్లలు మర్యాదకు దాన్నే మనకు తిప్పి చెబుతారట. తర్వాత ఆ మాటలన్నీ టైపు చేసి తలా ఒక ప్రతి తీసుకోవాలి. ఇక్కడ భయం, ఇక్కడ ఆశ, ఇది పెద్దవాళ్ల దగ్గర విన్నది, ఇది సొంతంగా అనుకున్నది అని ఎవరికి వారే పక్కన గుర్తులు పెట్టాలి. ఒకరిది ఒకరు చూడకూడదు. చివరికి అందరివీ పక్కపక్కన పెట్టి పోల్చుకోవాలి. ఇంతవరకూ ఏ పరిశోధనలోనైనా ఉండేదే.

మేడమ్ ఐదు ప్రతులు తీయించేవారు. ఐదోది ఆ కుర్చీలో పెట్టేవారు. మర్నాడు పొద్దున తలుపు తీసేసరికి అది అదే కుర్చీలో, గుర్తులతో సహా ఉండేది. సన్నటి పెన్సిలు రాత, ముత్యాల్లాంటి అక్షరాలు.

"మేడమే పెడుతున్నారేమో" అంది గొణుగుడు.

"మేడమ్ రాత కోడి గీరినట్టుంటుంది. నేను పట్టిక వేసి చూశాను. ఆ పెన్సిలుకి మేడమ్ గుర్తులతో వందకి తొంభై కలుస్తున్నాయి. నాకు అరవై రెండే. అంటే ఒక దయ్యం నాకంటే బాగా పనిచేస్తోంది" అన్నాడు పట్టిక. వాడి గొంతులో భయం కంటే అసూయే ఎక్కువ.

అన్నిటికంటే గొణుగుడును వణికించింది వినే అరగంట. రోజూ మధ్యాహ్నం మేడమ్ కర్టెన్లు లాగించి, లైట్లు తీయించి, ఫ్యాను ఆపించి, అందర్నీ కళ్లు మూసుకోమనేవారు. కళ్లు తెరిచి ఉంటే చెవులు బద్ధకిస్తాయని ఆవిడ వాదన. ఆ చీకట్లో పిల్లల గొంతులు మొదలయ్యేవి. "మా ఇంటి వెనకున్న వాగు ఒకరోజు లోపలికొచ్చి మంచం కింద పడుకుంటుంది" అని ఒక గొంతు. "ఎండ బాగా పెరిగితే నీడలు కూడా కాలిపోతాయా?" అని ఇంకో గొంతు. నవ్వుతూనే చెప్పేవారు, అదే ఎక్కువ భయం. అరగంటయ్యాక లైటు వేస్తే ఐదో కప్పు ఖాళీ. అడుగున గోరువెచ్చటి మరక.

"నమస్తే అండి" అని లౌడ్‌స్పీకర్ ఆ కుర్చీకి దణ్ణం పెట్టడం అలవాటు చేసుకున్నాడు. వాడు ఎంత మెల్లగా పెట్టినా పటం అదిరేది.

ఆ కుర్చీ ఎవరిదో కూడా వాడే కనుక్కొచ్చాడు. కిందటేడు ఇదే పరిశోధనలో ఒక సీనియరుండేవాడట. బడిలో తరగతినంతా కూర్చోబెట్టి ప్రశ్నలు అడుగుతుంటే ఒక పిల్లాడు లేచి "నీకు భయం లేదా అన్నా?" అన్నాడట. జవాబు చెప్పకూడదన్న కట్టుబాటు ఉందాయె. చెప్పకుండా బిగబట్టుకున్నాడు. ఆ బిగబట్టింది కళ్లలోంచి వచ్చేసింది. అతను ఏడిచేసరికి నలభైమంది పిల్లలూ అందుకున్నారు. వాళ్లను చూసి టీచరు, టీచర్ని చూసి గంట కొట్టే ఆయన. ఆయన గంట కొట్టడం మరిచిపోవడంతో ఆరోజు బడి ఒక పీరియడు ఎక్కువ నడిచిందట.

"తర్వాత?" అంది గొణుగుడు.

"తర్వాతేముంది! ఆ మనిషిని మళ్లీ ఎవరూ చూళ్లేదు. మన జాబితాలో పేరు మాత్రం ఉంది. చూశాను. కొట్టెయ్యలేదు."

ముగ్గురూ కుర్చీకేసి చూశారు. పటం మెల్లగా ముందుకొచ్చింది. ముగ్గురూ ఒకేసారి గుమ్మంలో ఇరుక్కున్నారు.

ఇలా ఉండగా గొణుగుడు వంతు వచ్చింది. మబ్బు పట్టిన పొద్దున, బడి సైన్సు గదిలో, ముందుపళ్లు రెండూ ఊడిన ఎనిమిదేళ్ల పిల్ల ఎదురుగా కూర్చుంది. పావుగంటపాటు ఆ పిల్ల ఆగకుండా మాట్లాడింది. అప్పుడు గొణుగుడు కాగితంలో ఉన్న ఆఖరి ప్రశ్న అడిగింది. "నువ్వు పెద్దయ్యాక మీ వీధి ఎలా ఉంటుందమ్మా?"

పిల్ల కబుర్లు ఆగిపోయాయి. గొణుగుడు ముఖంలోకి అలా చూస్తూ ఉండిపోయింది. కిటికీ బయట వెలుతురు తగ్గింది. ఇంతలో గంట మోగితే చివాలున లేచి పరుగెత్తిపోయింది.

మూడు రోజుల్లో హెడ్మాస్టరు ఫోన్ చేశాడు. మబ్బు వేస్తే చాలు, ఆ పిల్ల డెస్కు కిందికి దూరి కూర్చుంటోందట. "కిందటేడు మీవాడొకడు బడినంతా ఏడిపించాడు. ఈసారి మీ అమ్మాయి. శుక్రవారం వచ్చి ఆ పిల్ల సంగతేదో తేల్చండి. లేకపోతే మా గేటు లోపల మీరు కనబడకూడదు" అన్నాడు. లౌడ్‌స్పీకర్ పక్కన లేకపోయినా ఆ మాటలు గదంతా వినబడ్డాయి.

గొణుగుడుకు ఆ రాత్రి అన్నం సయించలేదు. పసిపిల్లను భయపెట్టానన్న బెంగ ఆమెను తినేసింది. పరిశోధన మానుకుంటున్నానని చక్కగా ఉత్తరం రాసి మర్నాడు మేడమ్ చేతిలో పెట్టింది. మేడమ్ రెండుసార్లు చదివారు.

"అక్షరం బాగుంది" అన్నారు. ఉత్తరాన్ని నాలుగు మడతలు పెట్టి స్టూలు మీద ఐదో కప్పు కింద పరిచారు. "స్టూలు మీద కప్పు మరకలు పడుతున్నాయి, సరిపోయింది. కర్టెన్లు లాగు. ఇవాళ నీ రికార్డింగే."

చీకట్లో గొణుగుడు తన గొంతు తానే విని సిగ్గుపడింది. పిల్ల కబుర్లు, ఆ ప్రశ్న, ఆ తర్వాత నిశ్శబ్దం, గంట. అందరూ ఆ చోట ఒకటే మాట రాసుకున్నారు: మౌనం, భయం. గొణుగుడు ఇంటికి పోతూ తన పెన్ను, నోటుబుక్కు కూడా సర్దుకుంది.

మర్నాడు గొడుగు మరిచిపోయానని పొద్దున్నే వచ్చిన గొణుగుడుకు ఐదో కుర్చీలో ప్రతి కనబడింది. అందరూ మౌనం అని రాసిన చోట పెన్సిలుతో ఇలా ఉంది. "మౌనం కాదు. ఇక్కడ పాప మాట్లాడింది. పన్నెండో సెకను. మళ్లీ వినండి."

రికార్డరు తీసి పెట్టింది. వింది. ఏమీ లేదు. శబ్దం పెంచింది. గాలి హోరు. ఇంకా పెంచింది. ఆ హోరు అడుగునుంచి, ఎవరో గోడ లోపలినుంచి పిలిచినట్టు, పెదవులు దాటీ దాటని గొంతు:

"మరి అప్పుడు నువ్వుంటావా అక్కా?"

గొణుగుడు ఒళ్లు జలదరించింది. ఆ వెంటనే ఏడుపొచ్చింది. ఆ పిల్ల తన ప్రశ్నకు బెదరలేదు. ఒక ప్రశ్న అడిగి, జవాబు కోసం అంతసేపు తన ముఖంలోకి చూసింది. గొంతు వినబడదని ఊరంతా వెక్కిరించే తనకే, తనకంటే చిన్న గొంతు వినబడలేదు.

దయ్యమైనా సరే, థాంక్స్ చెప్పకుండా పోవడం మర్యాద కాదనిపించింది. ఇంతలో అటెండరు వచ్చి, ఆమెను చూడకుండానే, స్టూలు మీద ఒక కప్పు టీ పెట్టి పోయాడు. గొణుగుడు ఊపిరి బిగబట్టి కుర్చీలో కూర్చుంది. పటం ముందుకొచ్చింది. దాని అంచు కిందినుంచి ఐదు వేళ్లు మెల్లగా పాకుతూ కప్పు దగ్గరికొచ్చాయి.

గొణుగుడు కెవ్వుమంది. పుట్టాక అంత గట్టిగా అరవడం అదే మొదలు. విచిత్రమేమిటంటే ఆ చెయ్యి కూడా కెవ్వుమంది. టీ మొత్తం ఉత్తరం మీద ఒలికిపోయింది. మేడమ్, లౌడ్‌స్పీకర్, పట్టిక పరుగున వచ్చేసరికి గొణుగుడు పటం పైకెత్తి పట్టుకుని నిలబడింది. వెనక గోడలో చిన్న కిటికీ. పూర్వం పక్క సామాన్ల గదిలోంచి పరికరాలు అందించడానికి పెట్టింది. కిటికీలో, చెవి మీద పెన్సిలు పెట్టుకుని, గడ్డం మాసిన ఒక కుర్రాడు కాలిన వేళ్లు ఊదుకుంటున్నాడు.

"నువ్వు చచ్చిపోలేదా?" అన్నాడు లౌడ్‌స్పీకర్.

"లేదు. ఇప్పుడు కొంచెంలో తప్పింది" అన్నాడు సీనియరు.

"వందకి తొంభై నువ్వేనా?" అని పట్టిక నిలదీశాడు.

మేడమ్ తాపీగా కుర్చీలో కూర్చున్నారు. "నలభైమందిని ఏడిపించాక వీడికి గదిలోకి రావడానికి మొహం చెల్లలేదు. పేరు కొట్టెయ్యమని వచ్చాడు. గదిలోకి రాలేకపోతే పక్కగదిలో కూర్చో, పేరెందుకు కొట్టెయ్యడం అన్నాను. మీకు చెప్పొద్దన్నాడు. సరే, వచ్చేరోజున వాడే వస్తాడు, అందాకా టీ చల్లారకుండా చూస్తే చాలనుకున్నాను."

"మరి వీడికి ముందు? ఇరవై రెండేళ్లుగా లెక్క తప్పుతున్నారట కదా?" అన్నాడు పట్టిక.

"ఎప్పుడూ ఎవరో ఒకరు గుమ్మం బయటే ఆగిపోతూ ఉంటారు నాయనా. వాళ్లను వదిలేసి లెక్కపెడితే అది తప్పు లెక్క కాదూ?"

గొణుగుడు స్టూలు మీది ఉత్తరం తీసింది. టీలో నాని అక్షరాలన్నీ కలిసిపోయాయి. "ఇందులో ఏం రాశావో ఏమీ కనబడ్డంలేదు. అవసరమైతే మళ్లీ రాసిద్దువుగానిలే" అన్నారు మేడమ్. గొణుగుడు దాన్ని ఉండచుట్టి చెత్తబుట్టలో వేసింది.

శుక్రవారం ఐదుగురూ బడికి వెళ్లేసరికి బాగా మబ్బు పట్టింది. పట్టపగలే తరగతి గదుల్లో లైట్లు వేశారు. సైన్సు గదిలో పళ్లూడిన పిల్ల డెస్కు కింద మోకాళ్లు కావిలించుకుని ఉంది. హెడ్మాస్టరు గుమ్మంలో చేతులు కట్టుకుని నిలబడ్డాడు. గొణుగుడు రికార్డరు తీసి అందరికీ కనబడేలా ఆపేసింది. అది ఆగాక జవాబు చెప్పొచ్చని ఆ పొద్దునే అందరూ కొత్త కట్టుబాటు రాసుకున్నారు. తర్వాత తనూ డెస్కు కిందికి దూరింది.

"ఆరోజు నువ్వొకటి అడిగావు. నాకు వినబళ్లేదు. తప్పు నాదే. ఉంటాను."

పిల్ల తల తిప్పలేదు. "నిజంగా?"

"నువ్వు పెద్దయ్యేసరికి నేను మీ టీచరంత అవుతాను. వీధి ఎలా ఉంటుందో నాకూ తెలీదు. బాగుండాలని పనిచేస్తూ ఉంటాను. ఇంకా ముసలైపోయి పళ్లూడిపోయినా చేస్తాను."

"నాలాగా?" అని పిల్ల బోసినోటితో ఒక్కసారి నవ్వింది. అంతలో దాని చూపు సీనియరు మీద పడింది. "ఆ అన్న ఎందుకు గోడకేసి నిలబడ్డాడు? భయమా?"

హెడ్మాస్టరు ఉలిక్కిపడ్డాడు. సీనియరు కళ్లలో అప్పటికే నీళ్లు తిరిగాయి. అయినా ఈసారి నోరు విప్పాడు. "భయమేనమ్మా. అయినా వచ్చాను."

పిల్ల డెస్కు కిందినుంచి పాకుతూ బయటికొచ్చి తన చేతిరుమాలు అతనికిచ్చింది. ఎవరూ ఏడవలేదు. గుమ్మం బయటినుంచి తొంగిచూస్తున్న గంట కొట్టే ఆయన మాత్రం ఎందుకైనా మంచిదని కాస్త దూరంగా జరిగాడు.

హెడ్మాస్టరు గొంతు సవరించుకుని వచ్చిపోయేవాళ్ల రిజిస్టరు తెరిచాడు. "సరే, వచ్చే వారం నుంచి రండి. ఎంతమంది వచ్చారని రాయమంటారు?"

"ఆరుగురం" అన్నారు మేడమ్.

హెడ్మాస్టరు వాళ్లను రెండుసార్లు చూశాడు. గొణుగుడు కూడా అదాటున వెనక్కి చూసింది. సైన్సు గది బీరువా పక్కన నీడ తప్ప ఎవరూ లేరు. పిల్ల వేలుతో ఒక్కొక్కర్నీ చూపిస్తూ గట్టిగా లెక్కపెట్టింది. "ఒకటి, రెండు, మూడు, నాలుగు, ఐదు. అయిదుగురే మేడమ్! మీకు లెక్కలు రావా?"

"మరి నిన్నెవరు లెక్కపెడతారే?" అన్నారు మేడమ్.

పిల్ల తన గుండె మీద వేలు పెట్టుకుంది. తర్వాత హెడ్మాస్టరు చేతిలోని పెన్ను తానే లాక్కుని రిజిస్టర్లో ఆరు వేసింది.

తిరిగి కాలేజీకి వచ్చేసరికి చినుకులు మొదలయ్యాయి. లిఫ్టు ఖాళీగా తలుపు తెరుచుకుని ఉంది. ఐదుగురూ దాని ముందు నిలబడ్డారు. ఎటూ నలుగురికే పడుతుంది కాబట్టి మెట్లెక్కారు. మూడో అంతస్తు దాటాక గొణుగుడు మళ్లీ అడుగుల చప్పుడు లెక్కపెట్టింది. ఈసారి మొత్తం పూర్తిగా లెక్కపెట్టింది. ఆరు.

"మేడమ్, మనం ఎంతమందిమి?" అంది గొణుగుడు. నాలుగో అంతస్తు దాకా వినబడింది.

"ఆరుగురం తల్లీ. ఏం, నీకూ లెక్క కుదిరిందా?"

లౌడ్‌స్పీకర్ గోడవారగా ఒదిగి, మెట్ల మీద దారి వదిలాడు. "ముందు మీరు పదండి" అన్నాడు వినయంగా, ఎవరితోనో. పైన గదిలో అటెండరు అప్పటికే కప్పులు సర్దుతున్నాడు.